ఒక్క గొంతులో ఊరంతా

మా బడిలో సైకిళ్ళు పెట్టుకునే రేకుల షెడ్డు వెనక ఒక వేపచెట్టుంది. మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలు దాని కింద చేరతారు. కిందటేడు జులైలో ఒకరోజు అటుగా వెళ్తుంటే ఎవరో ఇంగ్లిషులో గడగడా ఏదో అప్పజెబుతున్నట్టు వినపడింది. మాటకూ మాటకూ మధ్య సందు లేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే మా తొమ్మిదో తరగతి కుర్రాడు. చూసి కూడా నమ్మలేకపోయాను. వాడికి నత్తి. హాజరు పిలిచినప్పుడు ‘ప్రెజెంట్ సార్’ అనడానికి వాడు పడే అవస్థ రోజూ చూస్తున్నవాణ్ణి. మొదటి అక్షరం దగ్గరే పెదాలు అతుక్కుపోతాయి, మెడ నరం బిగుస్తుంది, వెనక బెంచీలో ఎవడో ఒకడు కిసుక్కుమంటాడు. అలాంటివాడు చెట్టుకు జారగిలబడి, తొడమీద వేళ్ళతో దరువు వేసుకుంటూ, ఒక్క అక్షరం తడబడకుండా పోతున్నాడు.

నన్ను చూసి ఫోను వెనక్కి దాచాడు.

“ఎవరిదిరా అది?”

“కె... కె... కెండ్రిక్, సార్.”

పాట ఆగగానే నత్తి తిరిగొచ్చింది.

నాకూ చిన్నప్పుడు నత్తే. ఆరో తరగతిలో నా పేరు నేను చెప్పుకోలేక నిలబడితే, మా అయ్యవారొకాయన నన్ను అనుకరించి క్లాసంతా నవ్వించాడు. కానీ పద్యం అప్పజెప్పమంటే నేనే ముందు లేచేవాణ్ణి. వేమన ఆటవెలది ఎత్తుకుంటే నా నాలుక నా మాట వినేది. పద్యం అయిపోయి అర్థం చెప్పమనగానే మళ్ళీ అదే యాతన. నేను తెలుగు మాస్టారిని కావడానికి అసలు కారణం అదేనని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు చెట్టుకింద ఆ పిల్లవాడిలో నేను చూసింది నన్నే. అందుకే ఆ రాత్రి హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయికి ఫోన్ చేశాను.

“కెండ్రిక్ అంటే ఎవరమ్మా?”

“నాన్నా, నువ్వు ర్యాప్ వింటున్నావా!” అని కాసేపు నవ్వి, తర్వాత నెమ్మదిగా అంది: “ముందు ఒక సంగతి విను. ఆయనకూ చిన్నప్పుడు నత్తి ఉండేదట.”

పండక్కి వచ్చినప్పుడు పాటల మాటలన్నీ ప్రింటు తీసి, కట్టలు కట్టి తెచ్చింది. నా ఇంగ్లిషు అంతంతమాత్రం. నిఘంటువు పక్కన పెట్టుకుని, తెలియని చోట తనను అడుగుతూ, ఏడెనిమిది నెలల సాయంత్రాలు వాటితోనే గడిపాను. అలా తెలుసుకున్న మనిషి గురించి మీకూ చెప్పాలనిపించింది.

కెండ్రిక్ లమార్ డక్‌వర్త్ 1987 జూన్ 17న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, కాంప్టన్ అనే ఊళ్ళో పుట్టాడు. లాస్ ఏంజెలెస్‌ను ఆనుకుని ఉండే చిన్న పట్టణం. నల్లజాతి వాళ్ళు, మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. తల్లి పౌలా, తండ్రి కెనీ. వాళ్ళది చికాగో. తండ్రి అక్కడి వీధి ముఠాల్లో తిరుగుతుంటే, ఇలాగైతే నేను నీతో ఉండనని తల్లి తేల్చి చెప్పింది. 1984లో 500 డాలర్లు, రెండు చెత్త సంచుల్లో కుక్కిన బట్టలతో ఇద్దరూ కాలిఫోర్నియా రైలెక్కారు. మొదట్లో హోటల్లో, అది కుదరనప్పుడు కారులో, ఎండాకాలం పార్కులో పడుకున్నారు. ఆమె మెక్‌డొనాల్డ్స్‌లో, ఆయన కేఎఫ్‌సీలో పనికి కుదిరారు. ‘టెంప్టేషన్స్’ బృందంలో ఎడీ కెండ్రిక్స్ అనే గాయకుడుండేవాడు. కొడుక్కి ఆయన పేరు పెట్టుకున్నారు.

ముఠాల నుంచి పారిపోయి వచ్చిన వాళ్ళకు దొరికిన ఊరేమో ముఠాలకు మారుపేరు. ఎర్ర గుడ్డ కట్టేవాళ్ళు బ్లడ్స్, నీలి గుడ్డ కట్టేవాళ్ళు క్రిప్స్. ఏ రంగు చొక్కాతో ఏ వీధిలోకి వెళ్ళాలో పిల్లలకు అక్షరాలకన్నా ముందు తెలియాలి. తమ ఇంటి బయట మనిషిని కాల్చి చంపడం కెండ్రిక్ అయిదేళ్ళ వయసులో చూశాడు. ఆ వయసుకు కాస్త ముందే, 1992 ఏప్రిల్‌లో, రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి చితకబాదిన పోలీసులను కోర్టు వదిలేయడంతో లాస్ ఏంజెలెస్ తగలబడింది.

ఇదే ఊళ్ళో ఇంకో జ్ఞాపకమూ ఉంది. 1995. కాంప్టన్ స్వాప్ మీట్ అనే బజారు దగ్గర పేరుమోసిన ర్యాపర్లు టూపాక్ షకూర్, డాక్టర్ డ్రే తమ పాట ‘కాలిఫోర్నియా లవ్’ వీడియో తీస్తున్నారు. ఊరంతా విరగబడింది. తండ్రి ఎనిమిదేళ్ళ కొడుకును భుజాల మీద ఎక్కించుకుని చూపించాడు. మన దగ్గర తిరునాళ్ళలో దేవుణ్ణి చూపించినట్టే. మరుసటి ఏడాది టూపాక్‌ను ఎవరో కాల్చి చంపారు. అప్పటికి అతనికి పాతికేళ్ళు.

నత్తి గురించి కెండ్రిక్ తర్వాత చెప్పుకున్నాడు: కొన్ని మాటలు నోట్లోంచి వచ్చేవి కావు, బహుశా అందుకే తన శక్తినంతా పాట కట్టడం మీద పెట్టి ఉంటానని. ఇది చదివాక నేను చాలాసేపు కాగితం పక్కన పెట్టి కూర్చున్నాను. నత్తి ఉన్నవాళ్ళలో చాలామంది పాడేటప్పుడు, నలుగురితో కలిసి చదివేటప్పుడు, తాళానికి మాట్లాడేటప్పుడు తడబడరు. తరవాతి మాట ఎప్పుడు పలకాలో మెదడు తనంతట తాను తేల్చుకోవాల్సి వచ్చినప్పుడే చిక్కంతా. బయటి నుంచి లయ అందితే ఆ భారం తేలికవుతుందని దీని మీద పనిచేసే వాళ్ళు అంటారు. ఇంగ్లండు గాయకుడు ఎడ్ షీరన్ కూడా చిన్నప్పుడు ఎమినెమ్ ర్యాప్ ఆల్బమ్ మొత్తం బట్టీపట్టి, దాంతోనే తన నత్తి వదిలిందని చెప్పాడు. నాకు ఆటవెలది, వాళ్ళకు ర్యాప్, అంతే తేడా.

ర్యాప్ అంటే ఏమిటో ఒక్క ముక్క చెప్పాలి. 1973 ఆగస్టు 11న న్యూయార్కు బ్రాంక్స్ పేటలో, సెడ్జ్‌విక్ అవెన్యూలోని ఒక అపార్టుమెంటు సామాజిక గదిలో జరిగిన విందును హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. అక్కడ కూల్ హెర్క్ అనే కుర్రాడు రెండు రికార్డు ప్లేయర్ల మీద పాటలో డప్పు మాత్రమే మోగే ముక్కను మళ్ళీమళ్ళీ తిప్పి వేశాడు. ఆ దరువు మీద లయబద్ధంగా మాట్లాడటమే ర్యాప్. నాలుగు దెబ్బలు కలిస్తే ఒక ‘బార్’. పదహారు బార్లు కలిస్తే మామూలుగా ఒక చరణం. మన పద్యానికి ప్రాస ఉంటే అది రెండో అక్షరంలో ఉంటుంది, మధ్యలో యతి కుదరాలి. వీళ్ళ ప్రాస ప్రధానంగా పాదం చివర. గట్టివాళ్ళు చివర్న ఒక్క అక్షరంతో ఊరుకోరు, మూడు నాలుగు అక్షరాల గుత్తిని కలుపుతారు, పాదం నడుమ కూడా నాటుతారు. దెబ్బ మీద పడాల్సిన మాటను కావాలని అరక్షణం ఆలస్యంగా వేస్తారు. మృదంగం వాయించేవాళ్ళు దీన్ని ఒక్క వినికిడిలో పట్టేస్తారు. చతురశ్రంలో పోతూ పోతూ తిశ్రంలోకి దూకి, సమానికి సరిగ్గా తిరిగొచ్చినప్పటి ఆనందం ఇందులోనూ ఉంది.

కెండ్రిక్‌కు ఈ దారి చూపింది ఒక మాస్టారు. ఏడో తరగతి ఇంగ్లిషు టీచర్, పేరు రెగిస్ ఇంజ్. ఆ బడిలో నల్లజాతి పిల్లలకూ మెక్సికన్ పిల్లలకూ పొసగేది కాదు. మనసులో ఉన్నది కాగితం మీద పెట్టండి అంటూ ఆయన కవిత్వం రాయించాడు. కెండ్రిక్ పట్టుకున్నాడు, ఇక వదల్లేదు. ఇంత కాగితం ఏం చేస్తున్నాడో, హోంవర్కేమో అనుకున్నామని తండ్రి తర్వాత ఒక పత్రికతో చెప్పాడు. రాసినవి తీసి చూసిన తల్లి మాత్రం అందులోని బూతులకు అదిరిపడింది. కొడుకు నోట ఒక్క చెడ్డ మాట వినలేదు అప్పటిదాకా.

బూతుల సంగతి దాటవేయను. అతని పాటల్లో అవి బోలెడు. నేను క్లాసులో వినిపించలేను, వినిపించలేదు. మొదట్లో నాకు వెగటు పుట్టింది కూడా. వారం పదిరోజులు విన్నాక అవి ఎవరి నోటి నుంచి వస్తున్నాయో పట్టించుకోవడం మొదలుపెట్టాను. సగం పైగా ఆ మాటలు కెండ్రిక్‌వి కావు. ఆ వీధిలో నిలబడ్డ పాత్రవి. కన్యాశుల్కంలో ఎవరి భాష వాళ్ళది అని పిల్లలకు పాతికేళ్ళుగా చెబుతున్నవాణ్ణి, ఇక్కడెందుకు ఉలిక్కిపడాలి?

పదహారేళ్ళకు ‘కె-డాట్’ అన్న పేరుతో మొదటి పాటల టేపు విడుదల చేశాడు. అది ఆంథొనీ టిఫిత్ అనే ఆయన చేతికి చేరింది. ఒకప్పుడు వీధి పనులు చేసిన మనిషి, అప్పటికి ఇంటి వెనక గదిలో స్టూడియో పెట్టుకుని టాప్ డాగ్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే చిన్న కంపెనీ నడుపుతున్నాడు. కుర్రాణ్ణి మైకు ముందు నిలబెట్టి, తనేమీ వినడం లేదన్నట్టు నటిస్తూ కూర్చున్నాడట. కెండ్రిక్ ఆశువుగా అందుకుని రెండు గంటల దాకా ఆపలేదు. ఈ టిఫిత్‌ను గుర్తుపెట్టుకోండి. కథలో మళ్ళీ వస్తాడు.

2009లో మారుపేరు వదిలేసి సొంతపేరు పెట్టుకున్నాడు. 2011లో ‘సెక్షన్ 80’ వచ్చింది. అందులో కీషా అనే అమ్మాయి పాట ఉంది. ఒళ్ళమ్ముకుని బతికి, చివరికి హత్యకు గురైన అమ్మాయి. ఆ పాటను తన చిన్న చెల్లెలికి వినిపించి హెచ్చరించానని పాట చివర్లో చెబుతాడు. ఆ ఏడాదే లాస్ ఏంజెలెస్ వేదిక మీద స్నూప్ డాగ్ లాంటి పెద్ద ర్యాపర్లు ఇక మన పశ్చిమ తీరం పాట నీ చేతిలో అని అప్పగిస్తే, అక్కడే ఏడ్చేశాడు. డాక్టర్ డ్రే తన కంపెనీలోకి తీసుకున్నాడు. ఒకప్పుడు తండ్రి భుజాల మీంచి చూసిన డ్రేయే.

2012 అక్టోబరులో వచ్చిన ‘గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ’ నాకు అన్నిటికన్నా దగ్గరైన ఆల్బమ్. అట్ట మీద ఒక పాత పోలరాయిడ్ ఫొటో ఉంటుంది. బల్ల ముందు ఇంట్లోని మగవాళ్ళు, ఒకరి ఒళ్ళో పసివాడు కెండ్రిక్, బల్ల మీద సారా సీసా, పక్కనే పాలసీసా. పెద్దల కళ్ళకు నల్లపట్టీలు వేశారు, పిల్లవాడి కళ్ళకు వేయలేదు. చూసినవాడు వాడొక్కడే అన్నట్టు.

పన్నెండు పాటలు, ఒకటే కథ. అమ్మ వ్యాను అడిగి తీసుకుని ఒక అమ్మాయిని కలవడానికి బయల్దేరిన కుర్రాడు, దోస్తులతో దొంగతనానికి వెళ్ళి, దెబ్బలు తిని, ఒక స్నేహితుణ్ణి తుపాకీ కాల్పుల్లో పోగొట్టుకుని ఇంటికి చేరడం. పాటల నడుమ ఆన్సరింగ్ మెషీన్‌లో అమ్మానాన్నల గొంతులు వినిపిస్తాయి. నా వ్యాను ఎప్పుడు తెస్తావురా, నాకు పనులున్నాయి అని తల్లి. ఆవిడ మాట్లాడుతుంటే వెనక నుంచి నా డామినో ఆటబిళ్ళలు ఏవిరా అని తండ్రి. అవి నటులవి కావు, పౌలా, కెనీల సొంత గొంతులే. ఊళ్ళో అంత ఘోరం జరుగుతుంటే ఇంట్లో వీళ్ళకు వ్యాను, డామినోలు. నవ్వొస్తుంది, వెంటనే గుండె పట్టేస్తుంది. మన ఇళ్ళల్లో అమ్మలు ఫోన్లో ఏమడుగుతారు? అన్నం తిన్నావా, గ్యాసు బుక్ చేశావా. బిడ్డ ఏ గండంలో ఉన్నాడో ఆ తల్లికి ఎలా తెలుస్తుంది?

ఇందులోని ‘సింగ్ అబౌట్ మీ’ పాట దగ్గర కాస్త ఆగాలి. పన్నెండు నిమిషాలు. మొదటి చరణం చనిపోయిన స్నేహితుడి తమ్ముడిది. మా అన్న ప్రాణం పోతున్నప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు, ఆ మేలు మరచిపోను అంటాడు. నా గతీ ఇంతే, ఈ వీధి వదిలి పోలేను అంటాడు. నీ ఆల్బమ్ వచ్చేలోగా నేను చనిపోతే అని ఏదో చెప్పబోతాడు. అంతలో తుపాకీ మోగుతుంది. వాక్యం అక్కడే తెగుతుంది. పాదం పూర్తి కాదు, ప్రాస పడదు. తాళం మాత్రం ఏమీ జరగనట్టు సాగిపోతూ ఉంటుంది.

ఛందస్సు చెప్పుకుని బతికేవాణ్ణి, అసంపూర్ణ పాదం అంటే తప్పుగా లెక్కవేసేవాణ్ణి. ఆ తెగిన చోటును నేను ఇరవైసార్లు విని ఉంటాను. ప్రతిసారీ ఆ ప్రాస కోసం చెవి ఎదురుచూస్తుంది. రాని ప్రాస ఒక మనిషి చావును ఇంతగా తెలియజెబుతుందని నేను అనుకోలేదు.

రెండో చరణం ఇంకా కఠినం. మాట్లాడేది కీషా చెల్లెలు. అవును, అంతకుముందటి ఆల్బమ్‌లోని కీషా. మా అక్క బతుకును బజార్లో పెట్టడానికి నువ్వెవరు? ఆవిణ్ణి తప్పుబట్టే హక్కు నీకెవరిచ్చారు? అని నిలదీస్తుంది. నా గురించి పాడావంటే జాగ్రత్త అంటుంది. తన మానాన తాను ఆ దారిలోనే బతుకుతున్నానంటుంది. నేను కరిగిపోను, మాసిపోను అని పదేపదే అంటూ ఉండగానే ఆమె గొంతు సన్నగిల్లుతూ, మాటలు ఆగకుండానే, వినపడనంత దూరం పోతుంది. కట్టినది కెండ్రిక్, పాడుతున్నదీ కెండ్రికే. తన మీద వచ్చిన నిందను తన గొంతుతోనే పలికాడు. సమాధానం చెప్పి తప్పించుకోలేదు. మూడో చరణంలో తన వంతు వచ్చినప్పుడు, వాళ్ళ కథలు చెప్పడానికి నేను తగినవాణ్ణేనా అని తనను తనే అడుగుతాడు.

ఇంకొకరి దుఃఖం మీద పాట కట్టేవాడికి ఈ ప్రశ్న ఎదురుకావాల్సిందే. మన వేదికల మీద, మన పత్రికల్లో పేదవాళ్ళ మీద, ఆడవాళ్ళ మీద ఎంత కవిత్వం వచ్చింది! అందులో వాళ్ళు తిరగబడి అడిగిన చోటు ఎంత? కెండ్రిక్ వేగంగా పాడతాడని పిల్లలు మెచ్చుకుంటారు. నాకు అతని నోటికన్నా చెవి గొప్పదనిపిస్తుంది. మాట రాక అల్లాడిన పిల్లవాడు ఎదుటివాళ్ళ మాటను ఎంత శ్రద్ధగా వింటాడో నాకు తెలుసు. మాట్లాడలేనప్పుడు చేయగలిగింది వినడమే కదా. బుర్రకథలో ఒక్క కథకుడే రాజవుతాడు, రాణవుతాడు, భటుడవుతాడు. ఇతను తల్లవుతాడు, శత్రువవుతాడు, తన అంతరాత్మవుతాడు, ఒక్కోదానికి ఒక్కో గొంతు పెడతాడు.

ఆ ఆల్బమ్‌కు 2014లో గ్రామీ రాలేదు. అప్పుడు మా అమ్మాయి ఇంకా బళ్ళో ఉంది, ఇప్పటికీ కోపంగా చెబుతుంది. ఆ ఏడాదే అతను దక్షిణాఫ్రికా వెళ్ళి రోబెన్ ద్వీపంలో మండేలాను బంధించిన గది చూసి వచ్చాడు. అక్కడి నుంచి పుట్టింది 2015 మార్చిలో వచ్చిన ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’. కమాసీ వాషింగ్టన్, థండర్‌క్యాట్, రాబర్ట్ గ్లాస్పర్ లాంటి జాజ్ విద్వాంసులను పక్కన పెట్టుకుని చేశాడు.

అందులో ఒక పాట పేరు చూసి నేను ఎగిరి గంతేశాను: ‘కింగ్ కుంటా’. కుంటా కింటే! అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెనిగిస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. నేను డిగ్రీ హాస్టల్లో రెండు రాత్రుల్లో చదివాను. పారిపోయినందుకు పాదం నరికించుకున్న బానిస. ఆ కుంటాకు ఈ కుర్రాడు రాజు అని బిరుదు తగిలించి, ఇప్పుడు నా కాళ్ళు నరకడానికి వచ్చినవాళ్ళెవరు అని అడుగుతున్నాడు. హాస్టల్ మంచం మీద ఏడ్చిన నాకు ఆ పాటకు నిఘంటువు అక్కరలేకపోయింది.

అదే ఆల్బమ్‌లో ‘యూ’ అనే పాట. హోటల్ గది, సీసా గలగల, తాగి ఏడుస్తున్న గొంతు. ఊరివాళ్ళను గాలికొదిలి పేరు కోసం తిరిగావు, నీ స్నేహితుడు ఆస్పత్రిలో చనిపోతుంటే వెళ్ళి చూడలేదు, ఫోన్లో వీడియో కాల్ చేశావు అని తనను తనే తిట్టుకుంటాడు. దాని పక్కనే ‘ఆల్‌రైట్’. ఫారెల్ విలియమ్స్ కట్టిన బాణీ, మనం బాగుంటాం అన్న భరోసా. 2015 జులైలో క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ దగ్గర, ఒక పద్నాలుగేళ్ళ పిల్లవాణ్ణి పోలీసులు పట్టుకుంటే, జాతి వివక్ష మీద సభకు వచ్చినవాళ్ళు ఆ పల్లవి ఎత్తుకున్నారు. తర్వాత దేశమంతా ఊరేగింపుల్లో నినాదమైంది. చాలామంది ‘ఆల్‌రైట్’ ఒక్కటే వింటారు. ముందున్న ‘యూ’ విని, ఆ గది దాటి దీనిలోకి రండి. ఆ భరోసా ఎంత ఖరీదు పెట్టి కొన్నాడో తెలుస్తుంది.

పాటల చివర ఒక కవితను కొంచెం కొంచెం చదువుతూ, ప్రతిసారీ ఒకటి రెండు పాదాలు పెంచుతూ పోతాడు. ఎవరికి చదువుతున్నాడో ఆఖర్న గానీ తెలియదు. టూపాక్‌కు. 1994లో ఒక స్వీడన్ విలేకరికి టూపాక్ ఇచ్చిన ఇంటర్వ్యూ టేపులోంచి జవాబులు తీసుకుని, వాటికి తగ్గ ప్రశ్నలు తను వేశాడు. చనిపోయి పద్దెనిమిదేళ్ళు దాటిన మనిషితో సంభాషణ. చివరగా సీతాకోకచిలుక కథ చెప్పి, నీ ఉద్దేశం ఏమిటి అంటాడు. జవాబు రాదు. పేరు పెట్టి పిలుస్తాడు, మళ్ళీ పిలుస్తాడు. నిశ్శబ్దం. భుజాల మీంచి చూసిన ఎనిమిదేళ్ళవాడు అక్కడ పిలుస్తున్నాడనిపించింది నాకు.

ఇక ‘డ్యామ్’. 2017 ఏప్రిల్. దీనికి 2018లో పులిట్జర్ సంగీత బహుమతి ఇచ్చారు. 1943 నుంచి ఇస్తున్న ఆ బహుమతి శాస్త్రీయ సంగీతం, జాజ్ దాటి బయటికి రావడం అదే మొదలు. ఆఖరి పాట ‘డక్‌వర్త్’ తండ్రి కథ. ఆయన కేఎఫ్‌సీ కిటికీ దగ్గర పనిచేస్తున్న రోజుల్లో ఒక రౌడీ కుర్రాడు దుకాణం దోచుకోవాలని చూస్తుంటాడు. అంతకుముందు ఆ దుకాణంలో దోపిడీ చేసినవాడే. ఆ సంగతి కెనీకి తెలుసు. కిటికీ దగ్గరికి వచ్చినప్పుడల్లా వాడికి డబ్బు తీసుకోకుండా కోడిమాంసం కట్టిచ్చి, పైన రెండు బిస్కెట్లు ఎక్కువ వేసేవాడు. దోపిడీ రోజున వాడు కెనీ జోలికి పోలేదు. ఆ కుర్రాడి పేరు ఆంథొనీ టిఫిత్. ఏళ్ళ తర్వాత, ఎవరి కొడుకో తెలియకుండానే, కెండ్రిక్‌ను మైకు ముందు నిలబెట్టి రెండు గంటలు విన్నవాడు. కెనీ స్టూడియోకు వచ్చి ఆయన్ను చూసినప్పుడు గానీ బయటపడలేదు. ఆ రోజు తుపాకీ పేలి ఉంటే టిఫిత్ జైల్లో ఉండేవాడని, తండ్రిలేని తను వీధిలో శవమయ్యేవాణ్ణని కెండ్రిక్ చెప్పగానే, ఒక తూటా చప్పుడుతో టేపు వెనక్కి తిరుగుతుంది. తిరిగి తిరిగి ఆల్బమ్‌లో కెండ్రిక్ మొదటి మాట దగ్గర ఆగుతుంది. 2017 డిసెంబరులో పాటల వరస తిరగేసి మళ్ళీ విడుదల చేశారు, అలాగూ కథ నడుస్తుంది.

2022లో ‘మిస్టర్ మొరాల్ అండ్ ద బిగ్ స్టెప్పర్స్’లో తన ఇంటి గాయాలు, తన తప్పులు, మానసిక చికిత్స గురించి విప్పి చెప్పాడు. వినడానికి కష్టమైన ఆల్బమ్, నేను రెండుసార్లే వినగలిగాను. 2024లో కెనడా గాయకుడు డ్రేక్‌తో పాటల యుద్ధం జరిగింది. కెండ్రిక్ పాట ‘నాట్ లైక్ అస్’ ప్రపంచమంతా మోగింది, అయిదు గ్రామీలు తెచ్చింది, 2025 ఫిబ్రవరిలో న్యూఆర్లీన్స్‌లో సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ వేదికకెక్కింది. 13 కోట్ల మందికి పైగా చూశారు. ఆ పాటలో డ్రేక్ మీద మోపినవి చాలా ఘోరమైన ఆరోపణలు. ఆయన వాటిని ఖండించాడు, రుజువైందీ లేదు. ఎదుటివాడికి తన గొంతిచ్చి తననే నిందించమన్న కవి, ఇక్కడ ఎదుటివాడికి ఒక్క చరణం కూడా ఇవ్వలేదు. జనం ఊగిపోయిన చోట నేను ఊగలేకపోయాను. మా వేపచెట్టు కుర్రాడికి మాత్రం అదే ప్రాణం. ఈ విషయంలో మా ఇద్దరికీ ఇంకా రాజీ కుదరలేదు.

నాకు నచ్చిన కెండ్రిక్ ఇంకో చోట ఉన్నాడు. న్యూజెర్సీలో నార్త్ బెర్గెన్ అనే ఊరి హైస్కూల్లో బ్రయాన్ మూనీ అనే ఇంగ్లిషు టీచరు ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’ని టోనీ మారిసన్ నవల ‘ద బ్లూయెస్ట్ ఐ’తో కలిపి పాఠం చెప్పాడు. పిల్లలతో కవితలు రాయించాడు. ఈ సంగతి తెలిసి 2015 జూన్‌లో కెండ్రిక్ ఆ బడికి వచ్చాడు. చివర్లో పాడాడు కూడా, కానీ ముందు కూర్చుని పిల్లలు చదివిన కవితలు విన్నాడు.

దాని గురించి చదివాక నేను మా తొమ్మిదో తరగతిలో ఒక పని పెట్టాను. మీ ఇంట్లోవాళ్ళు రోజూ అనే మాటలు, వాళ్ళు అన్నట్టే, దరువుకు సరిపోయేట్టు ఎనిమిది పాదాలు రాసుకురండి అన్నాను. మా కుర్రాడి తల్లి పొగాకు బ్యారన్ల దగ్గర పనికి పోతుంది. వాడు ఆమె మాటలే తెచ్చాడు. తెల్లారకముందే లేపడం, ఆకు వాసన పట్టిన చేత్తో తల నిమరడం, కూలిడబ్బుల లెక్క, నీ నోరు తిరక్కపోతే ఏమైందిరా నేను మాట్లాడతాలే అనడం.

వాణ్ణి ముందుకు పిలిచి నేను వాడి చోట, వెనక బెంచీలో కూర్చున్నాను. వాడు బల్ల మీద వేళ్ళతో దరువు మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలు. మళ్ళీ నాలుగు. నోరు తెరిచాడు, మొదటి అక్షరం దగ్గర పెదాలు అతుక్కున్నాయి. దరువు ఆపలేదు. పక్కవాడు ఈసారి నవ్వలేదు, తనూ బెంచీ మీద అదే దరువు వేశాడు, వాడి పక్కవాడూ వేశాడు. క్లాసంతా వేస్తున్నాం. నేనూ వేస్తూ ఎదురుచూశాను. వాళ్ళమ్మ గొంతుతో మొదలుపెట్టాడు.